గుంటూరు హోటల్ వంటాయన

జనగామలో రైలు దిగిన మనిషి ఆకలేసి ఎవరినడిగినా మూడు చోట్లు చెప్పేవాళ్ళు. చాయ్ తాగాలంటే స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్. పొద్దుగూకేటప్పుడు నోరూరితే కచేరి మూల మీద మిరపకాయ బజ్జీల బండి. కడుపునిండా అన్నం తినాలంటే మాత్రం గుంటూరు హోటల్. బోర్డు మీద ఏదో దేవుడి పేరే ఉండేది గాని ఆ పేరుతో పిలిచినవాడు లేడు. మానుకోట నుంచి ఎడ్ల అంగడికి వచ్చినవాళ్ళు బేరం కుదరకపోయినా ఇక్కడ తిని నిమ్మళంగా రైలెక్కేవాళ్ళు. భూపాలపల్లి అడవి నుంచి కలప తోలే లారీ డ్రైవర్లు జనగామ వచ్చేదాకా ఆకలి ఆపుకునేవాళ్ళు.

ముద్దపప్పు, గోంగూర, దోసకాయ పచ్చడి, చారు, మజ్జిగ. అంతే ఉండేది. దాన్నే గుంటూరు రుచి అనేవాళ్ళు. ఆ రుచి పుట్టేది బచ్చన్నపేట నుంచి వచ్చిన బాలనర్సయ్య చేతిలో. పచ్చళ్ళు రుబ్బేది అతని భార్య ఐలమ్మ, వెనక వాకిట్లో, రోటి ముందు.

వేరే రాష్ట్రం కావాలని ఊళ్ళన్నీ లేచిన అరవై తొమ్మిదో సంవత్సరం అది. జూన్ అయిదో తారీఖు, గురువారం. వారంలో నాలుగు రోజులు హర్తాళ్ ఉంటే మూడు రోజులు పొయ్యి వెలుగుతోంది. ఆ పొద్దున బాలనర్సయ్య గంగాళంలో ఎసరు పెట్టి, బియ్యం కడిగి, పప్పు కుండ మీద నీళ్ళ చెంబు మూతగా పెట్టాడు. గోంగూర ఆకు ఒలిచి తడిగుడ్డ మీద పరిచాడు. హోటల్ పెట్టిన గుంటూరు సేటు ముందుగదిలోంచి నడిచి వంటింట్లోకి వచ్చాడు. ఎప్పుడూ గల్లా దగ్గర కూర్చుని కేకేసే మనిషి గడప దాటి రావడం చూసి బాలనర్సయ్య గరిటె పక్కన పెట్టాడు.

"పొయ్యి ఆర్పెయ్ నర్సయ్యా. ఇవాళ వద్దు" అన్నాడు సేటు. అతని చేతిలో రేకు పెట్టె ఉంది. భుజాన మడతపెట్టిన దుప్పటి.

"ఏమాయె సేటు? ఇయ్యాల బందు లేదు గద."

"బందు లేకపోయినా నాకు భయంగా ఉందయ్యా. ఇంటి దగ్గర్నుంచి రెండు ఉత్తరాలొచ్చినయ్. ఆడాళ్ళు ఏడుస్తున్నారు. కలప లారీ ఒకటి ఖమ్మం మీదుగా పోతోంది, దాంట్లో ఎక్కుతున్నా. గొడవలు సద్దుమణిగాక వచ్చేస్తాను."

సేటు నడుముకి కట్టుకున్న తాళంచెవి తీసి బాలనర్సయ్య అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. పదేళ్ళలో ఆయన అతని చేయి పట్టుకోవడం అదే మొదటిసారి.

"నిన్ను నమ్ముకుని పోతున్నాను. ఎవరన్నా వస్తే నువ్వు తలుపు దగ్గర నిలబడు. నువ్వు మీ వాడివి, నిన్ను చూస్తే ఆగుతారు. ఇది నా హోటలనుకోకు, నీదనుకో."

ఈ సేటే ఆంధ్ర డ్రైవర్లు వచ్చినప్పుడు "మా నర్సయ్య మాట వినండి, తమాషాగా ఉంటది" అని అతన్ని పిలిచి "ఏంది, ఎట్ల, గిట్ల" అనిపించి నవ్వించేవాడు. బాలనర్సయ్య కూడా నవ్వేవాడు. అన్నం పెట్టే మనిషి అన్న మాటలను మనసులో పెట్టుకుంటారా అని ఐలమ్మకు చెప్పేవాడు. ఇప్పుడు ఆ మనిషి కళ్ళలో నీళ్ళు చూసి బాలనర్సయ్య తాళంచెవి బొడ్డులో దోపుకున్నాడు.

"నువ్వు నిమ్మళంగ పో సేటు. నేనుండంగ ఒక్క పెంకు గూడ కదలది" అన్నాడు.

లారీ వెళ్ళిపోయాక ఎసరు నీళ్ళు పారబోసి, కట్టెల మీద నీళ్ళు చల్లి, తలుపులేసి తాళం పెట్టాడు. ఐలమ్మ ఒలిచిన గోంగూరను కొంగులో మూటకట్టుకుని ఇంటికి పోయింది.

పదకొండు కాకముందే గుంపు వచ్చింది. రెండు వందల మంది ఉంటారు. అందులో సగం మంది ముఖాలు బాలనర్సయ్యకు తెలుసు. ముఖాలకంటే వాళ్ళ విస్తళ్ళు ఎక్కువ తెలుసు. ఎవరు పప్పులో నెయ్యి రెండుసార్లు అడుగుతారో, ఎవరు చారు చేత్తో తాగుతారో, ఎవరికి మజ్జిగలో ఉల్లిగడ్డ పడదో. అందరికంటే ముందు లక్ష్మీకాంత్ ఉన్నాడు. తరిగొప్పుల పటేల్ కొడుకు, టౌన్లో వకీలు దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ముందు బల్ల మీద, కిటికీ పక్కన కూర్చుంటే బాలనర్సయ్యే స్వయంగా గోంగూర తెచ్చి వేసేవాడు.

"జై తెలంగాణ" అని గుంపు అరిచింది. బాలనర్సయ్య పెదవులు కూడా కదిలాయి. అలవాటు. అతనూ ఊరేగింపులో నడిచాడు. దీక్ష టెంటులో కూర్చున్న పిల్లలకు దీక్ష విరమించాక జావ కాచి మోసుకుపోయాడు. ఐలమ్మ తమ్ముడు పది రోజులు వరంగల్ జైల్లో ఉండి వచ్చాడు. తెలంగాణ రావాలనే అతని మనసులోనూ ఉంది. పొయ్యి ఏం చేసిందన్నదే అతనికి అర్థం కాని సంగతి.

"జర్గు నర్సయ్యా" అన్నాడు లక్ష్మీకాంత్. "ఆంధ్రోని బోర్డు గుంజేస్తం. నీతోని మాకు పంచాయితి లేదు."

"బోర్డు గుంజుకోండ్రి పటేలా. లోపల గిన్నెలున్నయ్, విస్తరాకులున్నయ్. గవి ఎవ్వని జోలికి వొయినయ్?"

"ద్రోహి" అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఆ గొంతు ఎవరిదో బాలనర్సయ్య పోల్చుకున్నాడు. పోల్చుకోకపోతే బాగుండేదనిపించింది.

ఇద్దరు ఎక్కి బోర్డు ఊడబీకారు. అది కింద పడి చప్పుడయ్యేసరికి గుంపుకు ఊపొచ్చింది. రాళ్ళు పెంకుల మీద పడ్డాయి. కిటికీ రెక్క విరిగింది. ఒకడు గడ్డపార తెచ్చి తాళం మీద పెట్టాడు. బాలనర్సయ్య రెండు చేతులూ చాపి తలుపుకు వీపు ఆనించాడు. దండం పెట్టలేదు. నిలబడ్డాడంతే. రాయి ఎటునుంచి వచ్చిందో కనపడలేదు. కుడి కనుబొమ్మ మీద తగిలింది. ముందు నొప్పి తెలియలేదు, కంట్లోకి వెచ్చగా ఏదో కారుతున్నట్టయింది.

నెత్తురు చూడగానే గుంపు మెత్తబడింది. లక్ష్మీకాంత్ చేతులెత్తి "చాలు, చాలు, పదుండ్రి" అన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి బాలనర్సయ్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చిరాకుంది, పని మధ్యలో ఎవరో అడ్డం వచ్చినట్టు.

దవాఖానలో నాలుగు కుట్లు వేశారు. తోడు వచ్చింది పాపయ్య, రైల్వే గేటు దగ్గర పనిచేసేవాడు, హోటల్లో రోజూ వెనక బల్ల మీద తినేవాడు. కుట్లు వేస్తుంటే బాలనర్సయ్య చేయి పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవ్వని కోసం నర్సన్నా గిదంత? ఆయన లారెక్కి వాయె."

"నమ్మి వోయిండు పాపన్నా. నమ్మినోని సొమ్ము కాపాడకుంటె మనం మనుషులమేనా?"

ఇంటి దగ్గర ఐలమ్మ అంత మెత్తగా అడగలేదు. పసుపు నూరి కట్టు చుట్టూ అద్దుతూ, "నీ తల పలిగింది ఎవ్వని గడపకు? ఆ గడప లోపటికి నన్ను పదేండ్లల్ల ఒక్కనాడన్న రానిచ్చిండా? పచ్చడి ముందటికి వొయ్యేది, నేను ఎన్కనే ఉండేది" అంది. చేతులు మాత్రం మెత్తగానే ఉన్నాయి. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదని అతనికి తెలుసు. పొద్దున ఒలిచిన గోంగూరతో ఆమె పచ్చడి నూరి జొన్నరొట్టెతో పెట్టింది. తిని, తలకు రుమాలు చుట్టుకుని మళ్ళీ హోటల్ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

శుక్రవారం అక్కడే ఉన్నాడు. శనివారం అక్కడే ఉన్నాడు. పగిలిన పెంకులు ఏరి కుప్ప పోశాడు. విరిగిన కిటికీ రెక్కకు మేకులు కొట్టాడు. లోపలికి పోయి బియ్యం బస్తాలకు పురుగు పట్టకుండా వేపాకు పెట్టాడు. గంగాళాలు చింతపండు వేసి తోమి బోర్లించాడు. దారిన పోయేవాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు. పదేళ్ళు అతని చేతి అన్నం తిన్న ఒక గుమాస్తా ఆగి "నీకెంత ముట్టజెప్పిండు నర్సయ్యా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా పోయాడు. ఆ మాట రాయికంటే లోతుగా దిగింది. అయినా సేటు తిరిగి వచ్చి తలుపు తీసి, ఎక్కడివక్కడ ఉన్న గిన్నెలు చూసి ఏమంటాడో ఊహించుకుంటే కొంచెం ఊరటగా ఉండేది. ఏమీ అనకపోయినా సరే. చూస్తే చాలు.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు లక్ష్మీకాంత్ వచ్చాడు. గుంపు లేదు. తెల్ల లాల్చీ, చేతిలో ఒక కవరు. అరుగు కింద చెప్పులు విడిచి బాలనర్సయ్య పక్కనే కూర్చున్నాడు.

"దెబ్బ ఎట్లున్నది నర్సయ్యా?"

"మానుతున్నది పటేలా."

"నిన్ను కొట్టాలని ఎవ్వనికీ లేకుండె. నువ్వు గట్ల అడ్డం నిలవడ్తవని ఎవ్వనికెరుక? ఉత్తగ నాలుగు రాళ్ళేసి బోర్డు గుంజి వొయ్యేది." కొంచెం ఆగి, "తాళంచెవి ఇయ్యి" అన్నాడు.

బాలనర్సయ్య అర్థంకానట్టు చూశాడు. "సేటు సొమ్ము పటేలా. ఆయనొచ్చి అడిగితె ఇస్త."

"ఆయన రాడు" అని లక్ష్మీకాంత్ కవరు విప్పి స్టాంపు కాగితం తీశాడు. "నీకు సదువొస్తది గద, రోజు నల్లబల్ల మీద కూరలు రాస్తవ్. సూస్కో."

బాలనర్సయ్య కాగితం తీసుకున్నాడు. నల్లబల్ల మీద రాసే అక్షరాలకూ ఈ అక్షరాలకూ పొంతన లేదు. వేలు పెట్టి మెల్లగా చదివాడు. గిన్నెలతో, బల్లలతో, ఇంటి కిరాయి హక్కుతో సహా హోటల్ అమ్మకం. కొన్నవాడు లక్ష్మీకాంత్. అమ్మినవాడి సంతకం. గల్లా దగ్గర కూర్చుని భోజనం టికెట్ల వెనక గీకే వంకర సంతకమే అది, అతను లక్షసార్లు చూసినదే. సంతకం కింద తారీఖు ఉంది. జూన్ రెండు.

రెండోసారి వేలు పెట్టి చూశాడు. రెండే.

"సోమారం అమ్మిండు" అన్నాడు.

"ఔ."

"నాకు తాళంచెవి ఇచ్చింది బేస్తారం, అయిదో తారీఖు."

"ఔ, ఇచ్చిండు. ఎవ్వడన్న ఒక నమ్మకస్తుణ్ణి పెట్టిపొమ్మని నేనే జెప్పిన. లొల్లిల ఎవడన్న లోపల వడి గిన్నెలెత్తుకపోతె ఎట్ల?" లక్ష్మీకాంత్ మామూలుగానే చెప్పాడు. దాచడానికి ఏమీ లేదన్నట్టే చెప్పాడు. "జనానికి ఏదన్న ఒకటి సూపియ్యాలె గద నర్సయ్యా. ఆంధ్రోడు ఎల్లగొడితె వొయ్యిండు అనుకుంటె మనకు బలం. అమ్ముకొని పోయిండంటె ఏముంటది?"

"ఆయనకు గుంపొస్తదని ఎరికేనా?"

"ఎరుకలేకుంటె పొద్దుగాలనే లారెట్ల ఎక్కుతడు?"

రోడ్డు మీద ఒక ఎడ్లబండి పోయింది. బాలనర్సయ్య దాన్ని మలుపు తిరిగేదాకా చూశాడు. తన చేయి పట్టుకుని వేళ్ళు మూసిన సేటు చేయి గుర్తొచ్చింది. ఆ కళ్ళలో నీళ్ళు నిజమైనవేనా, కావా? నిజమైనవే అయి ఉంటాయనిపించింది. అది మరీ బాధపెట్టింది. ఏడుస్తూ కూడా మనిషి ఆ పని చేయగలడని అతనికి ఇంతవరకు తెలియదు. లక్ష్మీకాంత్ తన గుంపుతో తన తలుపు మీదే రాళ్ళేయించాడు. ఆ తలుపుకు అడ్డం పడి తల పగలగొట్టుకున్నది బాలనర్సయ్య. కాపాడింది ఎవరి సొమ్ము, ఎవరి నుంచి?

బొడ్డులో దోపుకున్న తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు.

"నువ్వెటు వోకు" అన్నాడు లక్ష్మీకాంత్ అది తీసుకుంటూ. "మంగళారం తెరుస్తున్న. కొత్త బోర్డు రాపిచ్చిన, తెలంగాణ భోజనశాల అని. పెద్ద మనుషులందరొస్తరు. వంట మాత్రం మారొద్దు, గదే గోంగూర, గదే పప్పు. నీ చెయ్యి లేకుంటె నడ్వది, నాకెరుకే."

బాలనర్సయ్య లేచి ఇంటికి నడిచాడు.

సోమవారం ఐలమ్మకు సంగతి మొత్తం ఒక్కసారే చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. రోలు పక్కన కూర్చుని, "మానుకోట స్టేషన్ కాడ బండి వెట్టుకుంటె నడుస్తదని పాపన్న అన్నడు. ఆడ ఆయన తమ్ముడున్నడట" అని మాత్రం అంది.

"పోదాం. రేపు ఒక్క దినం వండినంక పోదాం."

"ఇంక వాళ్ళకెందుకు వండుడు?"

"వాళ్ళకు కాదు" అన్నాడు.

మంగళవారం తెల్లారేసరికి పొయ్యి వెలిగించాడు. కొత్త బోర్డు తళతళలాడుతోంది. మామిడాకుల తోరణం కట్టారు. బాలనర్సయ్య కందిపప్పు దోరగా వేయించి ఉడకబెట్టాడు. గోంగూర నూనెలో మగ్గించి ఐలమ్మకు పంపాడు. ఆమె ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి నూరి పంపింది. చారు పొంగు రాగానే దించాడు. అన్నం వార్చి, గంజి పక్కకు తీసి, గంగాళం మీద తడిగుడ్డ కప్పాడు. ఎప్పటికంటే నిదానంగా, ఒక్క మెతుకు కింద పడకుండా చేశాడు. వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన వడ్డించే ఇద్దరికి ఏది ఎంత వేయాలో గరిటెతో చూపించాడు. పన్నెండు గంటలకు ముందుగది నిండిపోయింది. వకీళ్ళు, గుమాస్తాలు, గుంపులో రాళ్ళేసినవాళ్ళు, ద్రోహి అన్నవాడు. లక్ష్మీకాంత్ గల్లా దగ్గర కూర్చుని అందరికీ దండం పెడుతున్నాడు.

"రుచి మారలే పటేలా. గదే గుంటూరు రుచి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

బాలనర్సయ్య నడుముకు కట్టిన తువ్వాల విప్పి గూట్లో పెట్టాడు. వెనక వాకిట్లో బిందె నీళ్ళతో ముఖం, కాళ్ళు కడుక్కుని, మూటలో తెచ్చుకున్న తెల్ల అంగీ వేసుకున్నాడు. ఐలమ్మ రోటి దగ్గర లేచి చేతులు కడుక్కుంది.

"నడువు" అన్నాడు.

"ఎటు?"

"ముందటికెల్లి."

సందు తిరిగి రోడ్డెక్కి, అరుగు మీదుగా, మామిడాకుల కిందుగా ఇద్దరూ లోపలికి వచ్చారు. తలకు కట్టు ఉన్న మనిషి తెల్ల అంగీతో గల్లా ముందు నిలబడేసరికి గదిలో మాటలు తగ్గాయి.

"రెండు భోజనం టికెట్లు" అన్నాడు బాలనర్సయ్య డబ్బులు గల్లా మీద పెట్టి.

"ఏంది నర్సయ్యా గిది? లోపల వెట్టించుకుంటె అయిపాయె" అన్నాడు లక్ష్మీకాంత్ మెల్లగా, నవ్వుతూనే.

"అమ్ముతున్నరు గద పటేలా. కొంటున్న."

లక్ష్మీకాంత్ చుట్టూ చూశాడు. గదంతా ఇటే చూస్తోంది. రెండు టికెట్లు చించి ఇచ్చాడు. ముందు బల్ల మీద కిటికీ పక్కన ఇద్దరికి చోటుంది, పెద్దవాళ్ళెవరి కోసమో ఆపింది. బాలనర్సయ్య అక్కడ కూర్చున్నాడు. ఐలమ్మ బెంచీ చివర ఆనీ ఆనకుండా కూర్చుంటే జబ్బ పట్టుకుని దగ్గరికి జరిపాడు. వెనక బల్ల మీద ఉన్న పాపయ్య తన విస్తరి పట్టుకుని లేచి వచ్చి వాళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు. పక్కన ఉన్న గుమాస్తా తలొంచుకుని అన్నం కలుపుకోవడంలో పడ్డాడు.

కొత్త కుర్రాళ్ళు వడ్డించారు. పదేళ్ళుగా బాలనర్సయ్య తిన్నది వెనక వాకిట్లో, అందరూ తిన్నాక, గంగాళం అడుగు గోకి, చల్లారినాక. ఇలా పొగలొచ్చే అన్నం మీద పప్పు పడి, పక్కన గోంగూర, అన్నీ ఒక్కసారి ముందుకు రావడం ఇదే. మెల్లగా కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు నమలకుండా ఉంచుకున్నాడు. ఐలమ్మ తన గోంగూరను వేలితో అద్దుకుని నాకి, ఏదో లెక్క సరిచూసుకున్నట్టు తలూపింది. ఇద్దరూ తొందరపడలేదు. చారు తర్వాత మజ్జిగ దాకా తిన్నారు. బయట అరుగు మీద చోటు కోసం జనం నిలబడ్డారు. గల్లా దగ్గర నుంచి లక్ష్మీకాంత్ రెండుసార్లు చూశాడు.

తిన్నాక ఐలమ్మ చేయి విస్తరి అంచు మీదికి పోయింది. ఎక్కడ తిన్నా తన విస్తరి తానే ఎత్తుకోవడం ఆమెకు పుట్టినప్పటి నుంచి అలవాటు. బాలనర్సయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనియ్యి" అన్నాడు.

ఇద్దరూ లేచి చేతులు కడుక్కున్నారు. వెనక్కి తిరిగితే, వడ్డించే కుర్రాళ్ళిద్దరూ లోపల ఎక్కడో ఉన్నారు. కొత్తగా వచ్చిన పెద్దమనిషొకరు బల్ల పక్కన నిలబడి విస్తళ్ళ వైపు చూస్తున్నారు. లక్ష్మీకాంత్ గల్లా దిగి వచ్చి, లాల్చీ చేయి పైకి లాక్కుని, వంగి ఆ రెండు విస్తళ్ళూ ఎత్తాడు.

బాలనర్సయ్య అది చూశాడు. సంతోషం కలుగుతుందేమో అనుకున్నాడు. ఏమీ కలగలేదు. మెట్లు దిగి స్టేషన్ వైపు నడిచాడు. ఎండ మండిపోతోంది. ఐలమ్మ పక్కనే నడిచింది. రైల్వే గేటు దగ్గరికి వచ్చాక అడిగింది.

"ఎట్లున్నది బువ్వ?"

అతను ఆగి, నాలుకతో పళ్ళ మీద రుచి వెతుక్కున్నాడు.

"పప్పుల ఉప్పు జర తక్కువున్నది" అన్నాడు. "ఎన్నడు గింతే ఏస్త. పదేండ్ల సంది తిన్నరు, ఒక్కడన్న చెప్పలే."